మా బాబు ఏ తీరులో బాగా నేర్చుకుంటాడో కనిపెట్టడం ఎలా? వేలిముద్రల పరీక్షను నమ్మవచ్చా?

ఖమ్మం అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబు నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం. పోయిన నెల వాళ్ల బడికి ఒక సంస్థ వాళ్లు వచ్చి పిల్లల పది వేళ్ల ముద్రలు తీసుకున్నారు. తర్వాత రంగురంగుల పటాలతో లావుపాటి రిపోర్టు చేతికిచ్చారు. మా వాడు ‘కైనెస్థెటిక్’ రకమట. అంటే చేతులతో చేస్తూ, కదులుతూ ఉంటేనే తలకెక్కుతుందట, విని నేర్చుకునే శక్తి తక్కువట. అందుకు తగినట్టు ప్రత్యేక తరగతులు నడుపుతామని, వాటికి ఫీజు వేరుగా కట్టాలని చెప్పారు. మా వారు కడదామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

ఎందుకంటే ఇంట్లో నాకు కనిపించేది వేరు. రాత్రి మా అత్తగారు కథ చెబితే ఒక్కసారి విని, మర్నాడు పేర్లతో సహా చెల్లెలికి చెబుతాడు. ఎక్కాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. అలాంటివాడికి విని నేర్చుకునే శక్తి లేదంటే ఎలా నమ్మను? ఇబ్బందులు లేవని కాదు. ‘మూడు వేల ఐదు’ రాయమంటే 30005 అని రాస్తాడు. సైన్సు పాఠం ఎన్నిసార్లు చదివించినా మర్నాటికి ఏమీ మిగలదు. బోర్డు మీద రాసింది దించుకోమంటే సగం వదిలేసి వస్తాడు.

పిల్లవాడు ఏ తీరులో బాగా నేర్చుకుంటాడో ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లెక్కల పంతులమ్మ, గుంటూరు

అమ్మా, మిగతా సంగతులు ఇతరులు చెబుతారు. నేను ఆ 30005 దగ్గరే ఆగుతాను. నా తరగతిలో ఏటా కనిపించే తప్పు ఇది.

మీ బాబు చెవి సరిగ్గా పనిచేస్తోందనడానికి ఆ తప్పే సాక్ష్యం. ‘మూడు వేల’ అని వినగానే 3000 రాశాడు, ‘ఐదు’ అని వినగానే పక్కన 5 రాశాడు. విన్నది విన్నట్టు పెట్టాడు. అతనికి ఇంకా పట్టుబడనిది స్థాన విలువ. ఐదు వచ్చి కూర్చోవలసింది ఒకట్ల స్థానంలో ఉన్న సున్నా మీదనే అని అతనికి ఎవరూ కళ్లకు కట్టినట్టు చూపించి ఉండరు.

ఇలా చేయండి. గట్టి అట్ట తీసుకుని ఒకే కొలతతో గడులు గీయండి. నాలుగు గడుల పట్టీ మీద 3000, మూడు గడుల పట్టీ మీద 200, రెండు గడుల దాని మీద 40, ఒక్క గడి ముక్క మీద 5 రాయండి. 3000 పట్టీ కింద పెట్టి, 5 ముక్కను కుడి అంచుకు సరిపోయేలా దాని మీద పెట్టమనండి. చివరి సున్నా మూసుకుపోయి 3005 కనిపిస్తుంది. 5 ముక్క ఎత్తితే సున్నా మళ్లీ బయటపడుతుంది. అతనే ఎత్తాలి, అతనే పెట్టాలి. తర్వాత 3040, 3200, 3245 చేయించండి. అది కుదిరాక పట్టీలు దాచేసి, నోటితో చెప్పి పలక మీద రాయించండి. పట్టీలు లేకుండా రాయగలిగిన రోజునే వచ్చినట్టు లెక్క.

చేతులతో చేశాడు కాబట్టి వచ్చింది, అంటే కైనెస్థెటిక్ అనే కదా అని ఎవరైనా అంటారేమో. నా తరగతిలో మాటలపోగు పిల్లలకూ, నోరు విప్పని పిల్లలకూ, బొమ్మలు గీసుకుంటూ కూర్చునే పిల్లలకూ అందరికీ ఈ పట్టీలతోనే వచ్చింది. స్థాన విలువ అనే విషయమే అలాంటిది.

మనోవిజ్ఞానం

విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. పంతులమ్మ గారి చివరి వాక్యం చాలా విలువైనది. దానికి కొంత నేపథ్యం కలుపుతాను.

ముందు వేలిముద్రలు. ఆ గీతలు తల్లి కడుపులో ఉండగానే, ఆరో నెల నాటికే ఏర్పడిపోతాయి. వాటిని చూసి పిల్లవాడు వింటే నేర్చుకుంటాడో, చూస్తే నేర్చుకుంటాడో చెప్పవచ్చనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఈ పరీక్షను ‘డీఎంఐటీ’ (డెర్మటోగ్లిఫిక్స్ మల్టిపుల్ ఇంటెలిజెన్స్ టెస్ట్) పేరుతో అమ్ముతారు. భారతీయ మానసిక వైద్యుల సంఘం కూడా దీనికి శాస్త్రీయత లేదని చెప్పింది. ఆ రిపోర్టును పక్కన పెట్టేయండి.

ఇక ‘నేర్చుకునే తీరు’ అనే ఆలోచన. చూసి, విని, చదివి రాసి, చేసి అనే నాలుగు రకాల విభజనకు బాగా పేరొచ్చింది న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ వల్ల. 1992లో ఆయన ‘వార్క్’ అనే ప్రశ్నావళి తెచ్చారు. అంతకుముందే, 1983లో, అమెరికాలో హోవార్డ్ గార్డ్‌నర్ మేధ ఒకటి కాదు, పలు రకాలు అన్న సిద్ధాంతం ప్రతిపాదించారు. బడుల వాళ్లు ఈ రెండింటినీ కలిపేశారు. తన సిద్ధాంతానికీ నేర్చుకునే తీరులకూ సంబంధం లేదని గార్డ్‌నరే తర్వాత స్పష్టంగా రాశారు. 2004లో బ్రిటన్‌లో ఒక బృందం లెక్క తీస్తే ఇలాంటి విభజనలు 71 తేలాయి! ఇన్ని రకాల పెట్టెల్లో ఏ పెట్టెలో పెట్టాలి పిల్లవాణ్ణి?

2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వవేత్తలు ఒక సూటి ప్రశ్న వేశారు. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని పిల్లలను విడదీద్దాం. ఒక్కో గుంపులో సగం మందికి బొమ్మలతో, సగం మందికి మాటలతో అదే పాఠం చెబుదాం. అందరికీ ఒకే పరీక్ష పెడదాం. మొదటి గుంపుకు బొమ్మలతో, రెండో గుంపుకు మాటలతో ఎక్కువ మార్కులు వస్తే ఈ సిద్ధాంతం నిజం. ఇలా పకడ్బందీగా జరిగిన ప్రయోగాలే అతి తక్కువని, వాటిలోనూ కొన్ని సిద్ధాంతానికి ఎదురు తిరిగాయని వాళ్లు తేల్చారు.

పిల్లలకు ఇష్టాలు ఉండవని నేను అనడం లేదు. ఉంటాయి. కానీ ఇష్టమైన పద్ధతిలో చెబితేనే ఎక్కువ నేర్చుకుంటారన్నది రుజువు కాలేదు.

చిత్రలేఖ నాన్న

మనోవిజ్ఞానం గారూ, మీ మాట మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మా అమ్మాయి ఏడో తరగతి. చరిత్ర అంటే ఏడుపే. టీచరు ‘ఈ పిల్ల విజువల్ రకం, బొమ్మలు గీయించండి’ అన్నారు. కాకతీయుల పాఠం మొత్తం గీసింది. ఓరుగల్లు కోట, చుట్టూ మట్టిగోడ, లోపల రాతిగోడ, తోరణాలు, రామప్ప చెరువు, చెరువు కింద పొలాలు, ఏ రాజు కాలంలో ఏది వచ్చిందో పక్కన బాణాలు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నా కళ్ల ముందు జరిగినదాన్ని పరిశోధన కాదంటే నేను ఎలా ఒప్పుకోను?

మనోవిజ్ఞానం

మీరు చూసింది అక్షరాలా నిజం, అందులో నాకు సందేహం లేదు. మీ అమ్మాయి గీసిన పని ఎంత గొప్పదో చూడండి. కోటలో ఏది ముఖ్యమో ఎంచుకుంది. దేని పక్కన ఏది రావాలో తేల్చుకుంది. మాటల్లో ఉన్నదాన్ని బొమ్మగా మార్చింది. మాట, బొమ్మ రెండూ జతపడితే జ్ఞాపకం గట్టిపడుతుందని అలన్ పైవియో అనే కెనడా శాస్త్రవేత్త 1970లలోనే చెప్పారు. ఇది దాదాపు అందరు పిల్లలకూ వర్తిస్తుంది. మీ పక్కింటి అబ్బాయిని ‘ఆడిటరీ’, అంటే విని నేర్చుకునే రకం, అన్నా సరే, అతనిచేత కూడా గీయించండి, ఫలితం ఉంటుంది.

నా భయం ఒక్కటే. రేపు మీ అమ్మాయి ‘నేను విజువల్, నాకు వినడం రాదు’ అనుకుంటే? ఎనిమిదో తరగతిలో పద్యం వచ్చినప్పుడు, కాలేజీలో గంటసేపు ఉపన్యాసం వినవలసి వచ్చినప్పుడు, ఆ మాట అడ్డుగోడ అవుతుంది.

చిత్రలేఖ నాన్న

ఆ మాట ఇప్పటికే వింటున్నానండీ. వ్యాసం రాయమంటే ‘నేను విజువల్ కదా నాన్నా’ అంటోంది. ఆలోచిస్తాను.

డాలస్ తెలుగు బడి

ఇక్కడ శనివారాలు తెలుగు నేర్పుతాను. పిల్లలకు ఇంట్లో మాట వినిపిస్తుంది, అక్షరం కనిపించదు. వేమన పద్యం నేర్పేటప్పుడు కాగితం ఇవ్వను, పాడి వినిపిస్తాను. ‘ఉప్పుకప్పురంబు నొక్కపోలికనుండు’ అన్నది నాలుక మీద ఆడితే చాలు, ఆటవెలది నడకే మిగతా పాదాలను లాక్కొస్తుంది. గుణింతం దగ్గర పాట పనికిరాదు. ‘కి’, ‘కీ’ తేడా చేత్తో దిద్దితేనే నిలుస్తుంది. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, తెలంగాణ మీదుగా వచ్చి, ధవళేశ్వరం దగ్గర పాయలుగా విడిపోయి బంగాళాఖాతంలో కలుస్తుందని ఎంతసేపు చెప్పినా గాలికి పోతుంది. పటం పరిచి వేలితో దారి పట్టిస్తే ఒక్క పూటలో వస్తుంది. ఈ మూడూ ఒకే పిల్లలకు, ఒకే ఉదయం నేర్పేవే. పద్యానికి చెవి, అక్షరానికి చెయ్యి, నదికి కన్ను కావాలి.

విశ్రాంత ఉపాధ్యాయుడు, మదనపల్లె

మా ప్రాంతంలో ఋషి వ్యాలీ వాళ్లు ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. తర్వాత అది అనేక రాష్ట్రాలకు పాకింది. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు. గోడ మీద నేర్చుకునే నిచ్చెన, అందులో మెట్లు, ఒక్కో మెట్టుకు కార్డులు. పిల్లవాడు తన మెట్టు చూసుకుని, తన కార్డు తీసుకుని పని మొదలుపెడతాడు. కార్డుల్లో ఆట ఉంటుంది, పాట ఉంటుంది, రాత ఉంటుంది, చివర వచ్చిందో లేదో తేల్చే కార్డు ఉంటుంది. ‘నువ్వు పాట పిల్లవాడివి, నీకు పాట కార్డులే’ అనే మాట అక్కడ లేదు. అందరూ అన్నీ చేస్తారు. మారేది వేగం. ఒకడు ఒక మెట్టు మీద రెండు రోజులుంటాడు, మరొకడు రెండు వారాలు. రెండు వారాలు ఉన్నవాణ్ణి ఎవరూ మొద్దు అనరు.

ఖమ్మం అమ్మ గారికి నా మనవి. మీ అబ్బాయి ఏ రకమో వెతకడం మానేయండి. ఏ మెట్టు మీద ఉన్నాడో చూడండి. నాలుగో తరగతి పుస్తకం చేతిలో ఉన్నంత మాత్రాన నాలుగో తరగతి మెట్టు మీద ఉన్నట్టు కాదు. రెండంకెల సంఖ్యల దగ్గర, ఒత్తుల దగ్గర, అర్థం తెలియని ఇంగ్లీషు మాటల దగ్గర ఎక్కడ జారాడో పట్టుకుంటే సగం పని అయినట్టే. ఇంగ్లీషు మీడియం పిల్లవాడికి సైన్సు పాఠం నిలవకపోవడానికి సైన్సే కారణం కానక్కరలేదు. అదే పాఠం తెలుగులో చెప్పి చూడండి. టక్కున చెప్పేస్తే చిక్కు భాషలో ఉన్నట్టు.

ప్రత్యేక విద్య టీచర్, విశాఖ

అందరూ మంచి విషయాలు చెప్పారు. కానీ ఖమ్మం అమ్మ గారు రాసిన ఒక వాక్యం ఎవరి కంటా పడలేదు: బోర్డు మీది రాత సగం వదిలేస్తున్నాడన్నది. అమ్మా, ముందు కళ్లు చూపించండి. దూరంగా ఉన్నది మసకగా కనిపించే పిల్లవాడు తనకు కనిపించడం లేదని చెప్పడు. అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. అలాంటి పిల్లవాడికి వింటే బాగా వస్తుంది. దాన్ని చూసి ‘ఆడిటరీ రకం’ అని ముద్ర వేస్తారు, కళ్లజోడు మాత్రం రాదు. చెవిలో చీము, గులిమి ఉన్న పిల్లల విషయంలో ఇదే తలకిందులుగా జరుగుతుంది. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు వచ్చి చూస్తాయి. ప్రైవేటు బడి పిల్లలను మనమే తీసుకెళ్లాలి.

రెండో సంగతి. కళ్లు, చెవులు బాగుండి, తెలివి చురుగ్గా ఉండి, నోటితో అడిగితే అన్నీ చెబుతూ, చదవడంలో మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, చూసి రాసినా గుణింతాలు, ఒత్తులు తారుమారు చేస్తూ ఉంటే అది డిస్లెక్సియా కావచ్చు. అది వైకల్యమే కానీ తెలివితక్కువతనం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు’ అనే పేరుతో, తాను గుర్తించిన 21 వైకల్యాలలో చేర్చింది. ధ్రువపత్రం సాధారణంగా ఎనిమిదేళ్లు నిండాక, పిల్లల వైద్యులు, మనస్తత్వ నిపుణులు పరీక్షించాక ఇస్తారు. దానితో బోర్డు పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు వస్తాయి. మీ బాబు అలా ఉన్నాడని నేను అనడం లేదు. ‘కైనెస్థెటిక్’ అన్న అట్ట కింద ఇలాంటి పిల్లలు ఏళ్లకేళ్లు మరుగునపడిపోవడం చూశాను. నా బాధ అది.

ఇంటర్ రెండో సంవత్సరం

పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా హాస్టల్లో అందరూ నాలుగు రంగుల పెన్నులతో గీతలు కొడుతూ చదువుతారు. పేజీ అందంగా ఉంటుంది, పరీక్షలో గుర్తుకు రాదు. నాకు మార్కులు పెరిగింది పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయడం మొదలుపెట్టాకే. మీ బాబుచేత కూడా అదే చేయించండి అక్కా.

మనోవిజ్ఞానం

ఈ కుర్రవాడు చెప్పినదానికి బలమైన ఆధారం ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు ఒక వచన భాగాన్ని కొందరిచేత మళ్లీ మళ్లీ చదివించారు. మరికొందరిచేత ఒకసారి చదివించి, చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్లు ముందుకెళ్లారు. మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపించడం ఆ ఐదు నిమిషాల మాయే. అందుకే ఖమ్మం అమ్మ గారి సైన్సు పాఠం రాత్రి వచ్చినట్టుండి తెల్లవారేసరికి పోతోంది.

అవధాన ప్రియుడు

మన అష్టావధానంలో జరిగేది కూడా ఇదే కదండీ. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన వరుసగా ఒక్కో పాదం చొప్పున చుట్లు తిరుగుతాయి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డుపడుతూనే ఉంటాడు. రెండో చుట్టులో మొదటి పృచ్ఛకుడి (ప్రశ్న ఇచ్చినవారి) దగ్గరకు వచ్చేసరికి అవధాని తన పాత పాదాన్ని మనసులోంచే వెలికితీసి అందుకోవాలి. చివర ధారణలో పద్యాలన్నీ అప్పజెబుతారు. కాగితం చూసుకునే వీలే లేదు. ఎడం ఇచ్చి, మళ్లీ గుర్తుచేసుకుని, మళ్లీ ఎడం ఇవ్వడంలోనే ఆ బలమంతా ఉంది. మా గురువుగారు కూడా పద్యం చదివించేవారు కాదు, అప్పజెప్పించేవారు.

ఖమ్మం అమ్మ

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. రెండు కళ్లకూ పవరు ఉందని కళ్లజోడు రాశారు. చెవులు బాగున్నాయి. అట్ట పట్టీలు కూడా చేశాం. 3005 ఇప్పుడు సరిగ్గా రాస్తున్నాడు, 3050 దగ్గర ఇంకా తడబడుతున్నాడు.

సైన్సు గురించి ఇంకొంచెం వివరంగా చెప్పగలరా? ఇప్పుడు నడుస్తున్నది ఆహారం జీర్ణమయ్యే పాఠం. చూడకుండా చెప్పమంటే మొహం మాడ్చుకుంటున్నాడు.

లెక్కల పంతులమ్మ, గుంటూరు

3050 కోసం 3005, 3050, 3500 మూడూ పక్కపక్కన పేర్పించి, ఏది పెద్దదో, ఎంత పెద్దదో అడగండి. తేడా తనకు తానే తెలుసుకుంటాడు.

సైన్సుకు మా ఇంట్లో మనవరాలితో చేసేది చెబుతాను. భోజనానికి కూర్చున్నప్పుడు ముద్ద నోట్లో పెట్టుకోగానే అడుగుతాను, ఇప్పుడు ఇది ఎక్కడికి వెళుతుందని. నోరు, ఆహారవాహిక, జీర్ణాశయం అని చెప్పి, చిన్నపేగు మరిచి నేరుగా పెద్దపేగుకు వెళ్లిపోతుంది. నేను సరిదిద్దను. ‘మరి అన్నంలోని సారం రక్తంలోకి ఎక్కడ చేరింది?’ అని మాత్రం అడుగుతాను. ఆలోచిస్తుంది, రాకపోతే లేచి పుస్తకం చూసుకుని వస్తుంది. మర్నాడు బూట్లు వేసుకునేటప్పుడు మళ్లీ అదే ప్రశ్న. రెండు రోజులు వదిలేసి ఇంకోసారి. వారానికి చూడకుండా బొమ్మ గీసి పేర్లు రాయమంటాను. ఏ ఒక్కసారీ రెండు నిమిషాలు దాటదు.

మీ వాడు మొహం మాడ్చుకోవడం సహజమే. గుర్తు రాకపోతే కష్టంగా ఉంటుంది కదా. ముందు తెలుగులో చెప్పనివ్వండి. మీ అత్తగారి కథలు ఒక్కసారి విని చెబుతున్నాడన్నారు కాబట్టి, జీర్ణం పాఠం కూడా ఆమెకు చెప్పమనండి. నాయనమ్మకు తెలియని విషయం తాను చెబుతున్నానంటే పిల్లలకు ఎక్కడలేని హుషారు వస్తుంది. ఇంగ్లీషు పేర్లు తర్వాత చేరుతాయి.

ఖమ్మం అమ్మ

చాలా బాగుంది పంతులమ్మ గారూ, ఈ రాత్రే మొదలుపెడతాం. మా వారు కూడా ఈ చర్చంతా చదివి, ఫీజు కట్టబోమని బడివాళ్లకు చెప్పారు. కానీ మా బాబు వేలిముద్రలు ఆ సంస్థ దగ్గరే ఉండిపోయాయి. అవి వెనక్కి తీసుకోవచ్చా?

హైకోర్టు న్యాయవాది, అమరావతి

వెనక్కి తీసుకోవడం కాదు, చెరిపేయమని అడగాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పిల్లల సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి అంటోంది. బడికీ, సంస్థకూ విడివిడిగా ఉత్తరం రాయండి. మీ సంతకం ఏ కాగితం మీద తీసుకున్నారో దాని నకలు అడగండి. ముద్రలను, రిపోర్టును తమ కంప్యూటర్ల నుంచి తొలగించామని లిఖితపూర్వకంగా ఇవ్వమనండి. ఉత్తరం బడి ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అదే తరగతిలోని మిగతా తల్లిదండ్రులు కూడా సంతకం చేస్తే ఇంకా మంచిది.

ఖమ్మం అమ్మ

సోమవారం ఉత్తరం ఇస్తున్నాం. మరో ఐదుగురు తల్లులు సంతకం పెడతామన్నారు. జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.